ముసలమ్మ పోయాక ఏనుగు వస్తుందా?

చీరాలలో అట్టల వీరాంజనేయులు ఫోనులో ఒక ప్రశ్న నాలుగు నెలల పైచిలుకు నుంచి జవాబు లేకుండా పడి ఉంది. అడిగిన మనిషి పోయాడు. ప్రశ్న అక్కడే ఉంది. చెరిపేద్దామని రెండుసార్లు వేలు దాని మీద పెట్టి, భయం వేసి వెనక్కి తీసుకున్నాడు. అంతా కలిపి పదిహేడు సెకన్ల మాట. వెనకాల ఏదో మిషను తిరుగుతున్న చప్పుడు, ముందు ఒక నెమ్మదైన గొంతు.

"మాస్టారూ, నేను హయాత్‌నండి. ఇవాళ్టి ఆట గురించి కాదు, అది అయిపోయింది. ఊరికే ఒక్క డౌటు. ముసలమ్మని పిలిచాక ముసలమ్మ పోతే ఏనుగు వస్తుందా, రాదా? రాకపోతే ఎందుకు రాదో, తీరిక చూసుకుని చెప్పండి."

తెలియనివాళ్ళు వింటే జ్వరంలో పలవరింత అనుకుంటారు. అందుకని ముందు వీరాంజనేయులు సంగతి చెప్పి, తర్వాత ముసలమ్మ దగ్గరికి రావాలి.

వీరాంజనేయులు నేసేవాడు కాదు, నేసేవాళ్ళకు అట్టలు కొట్టి ఇచ్చేవాడు. చీర అంచులో నెమలి రావాలన్నా, మామిడి పిందె రావాలన్నా ముందు గ్రాఫు కాగితం మీద గీసుకుని, దాని ప్రకారం దళసరి అట్టలకు చిల్లులు పొడిచి, వరస తప్పకుండా దారంతో కుట్టాలి. ఆ అట్టల దండను మగ్గం మీద డిజైను ఎత్తే జకార్డు పెట్టెకు ఎక్కిస్తే, ఒక్కో అట్ట వచ్చినప్పుడల్లా దాని చిల్లులను బట్టి నిలువుగా ఉండే పడుగు పోగులు పైకి లేస్తాయి. మధ్యలో ఒక్క అట్ట జారిపోయిందా, నెమలికి మెడ ఉండదు. ముప్పై ఏళ్ళు ఆ పని చేసిన మనిషికి వరస అంటే ప్రాణం. పప్పులో ఉప్పు ముందు వెయ్యాలా, చింతపండు ముందు వెయ్యాలా అని భార్య పున్నమ్మతో పూటంతా వాదించగలడు. పున్నమ్మ వినదు, అది వేరే విషయం.

అట్టల పనిని కంప్యూటరు వచ్చి సగానికి సగం తినేసింది. చేతిలో తీరిక మిగిలింది. తన షాపు పక్కనున్న సెల్‌ఫోన్ల షాపు వెనక రేకుల షెడ్డులో సాయంత్రాలు కుర్రకారు చేరి రాజదుర్గం అనే కార్డుల ఆట ఆడేవాళ్ళు. పేకాట కాదు. బొమ్మల కార్డులు, ఒక్కోదాని మీద అది ఏం చేయగలదో ఇంగ్లీషులో చీమలంత అక్షరాలతో రాసి ఉంటుంది. కొనుక్కుని, ఒకళ్ళతో ఒకళ్ళు మార్చుకుని, ఎవరి కట్ట వాళ్ళు కూర్చుకుని ఎదురెదురుగా కూర్చుంటారు. రెండు మూడు కార్డులను ఒకటి ఇంకొకదాన్ని లేపేలా జోడిస్తే అది కాంబో. తగాదాలన్నీ ఆ కాంబోల దగ్గరే. ఏది ముందు, ఏది వెనక, మధ్యలో ఒకటి పోతే మిగతావాటి గతేమిటి.

అరుపులు భరించలేక వీరాంజనేయులు ఒకనాడు తిట్టడానికి వెళ్ళి, రెండు కార్డులు చదివి, తగాదా తీర్చి వచ్చాడు. మర్నాడు వాళ్ళే షాపుకొచ్చారు. నెల తిరిగేసరికి ఎనభై రెండు పేజీల రూల్సు పుస్తకం ప్రింటు తీయించి, డిక్షనరీ పక్కన పెట్టుకుని, అంచుల్లో పెన్సిలుతో తెలుగు రాసుకుంటూ చదివేశాడు. ఆ తర్వాత వాట్సాప్‌లో 'రాజదుర్గం డౌట్లు' అని గ్రూపు వెలిసింది. గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట, పర్చూరు నుంచి మూడు వందల పైన మనుషులు. పొద్దున్నే షాపు ఊడ్చి, దీపం పెట్టి, పది అట్టలు కొట్టి ఐదు ప్రశ్నలకు జవాబు చెప్పేవాడు. అందరికీ ఆయన మాస్టారే. ఒక్క ఆట కూడా గెలిచిన మొహం కాదు, ఆడటం చేతకాదు. తీర్పు మాత్రం తిరుగులేనిది.

ఓడిన కార్డులు పెట్టే చోటును ఆ పుస్తకంలో శ్మశానం అని రాశారు. దీపం పెట్టే షాపులో ఆ మాట అననివ్వనని దానికి 'పక్క' అని పేరు పెట్టాడు. కార్డు చచ్చిందనకూడదు, పక్కకెళ్ళింది అనాలి. మొదట్లో నవ్వారు గానీ, ఏడాదిలో గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఆడేవాళ్ళ నోట కూడా అదే మాట వినిపించింది. దానికి వీరాంజనేయులు లోపల్లోపల పొంగిపోయాడు.

హయాత్‌ది వేటపాలెం. అక్కడ జీడిపప్పు యూనిట్లలో మిషన్లు బాగుచేసేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళు, పెళ్ళయి మూడేళ్ళు. మిగతావాళ్ళు 'అవుతుందా, అవదా' అని అడిగి, జవాబు దొరకగానే మాయమయ్యేవాళ్ళు. హయాత్ మాత్రం 'ఎందుకు' అని అడిగేవాడు. మిషను ఎందుకు ఆగిందో తెలియందే విప్పని మనిషి కదా, ఆటా అంతే. మూడు వందల మందిలో వీరాంజనేయులుకు బాగా నచ్చినవాడు అతనే. ఆ మాట అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

సెప్టెంబరు ఆఖరి ఆదివారం ఒంగోలులో ఒక ఫంక్షన్ హాల్లో పోటీ పెట్టారు. గెలిచినవాడు బెంగళూరు పోటీకి వెళ్తాడు. తీర్పరిగా వీరాంజనేయులును కూర్చోబెట్టారు. ఫైనల్లో హయాత్, ఒంగోలు గ్రానైటు ఆఫీసులో పనిచేసే రాము ఎదురుపడ్డారు. హయాత్ కాంబో మూడు కార్డులది. మొదటిది దీపం ముసలమ్మ. ఆమెను పిలిస్తే పక్కకెళ్ళిన కార్డుల్లోంచి ఒకదాన్ని వెనక్కి తెస్తుంది. రెండోది ఏనుగు, అది అప్పటికే పక్కన ఉంది. మూడోది గంట. ఏనుగు తిరిగొస్తే గంట మోగి ఎదుటివాడి ఆఖరి గోడ కూలిపోతుంది. ఆట అక్కడితో సరి.

హయాత్ ముసలమ్మను పిలుస్తున్నానన్నాడు. అన్న మరుక్షణం రాము చేతిలోని నిప్పు కార్డు వేసి ముసలమ్మను కాల్చేశాడు. ముసలమ్మ పక్కకెళ్ళింది. ఇప్పుడు ఏనుగు వస్తుందా, రాదా?

రెండొందల మంది చుట్టూ చేరారు. ఫోన్లు పైకి లేచాయి. పిలవడం ముందు అయిపోయింది కదా, కాల్చడం ఆ తర్వాత కదా అని హయాత్ నెమ్మదిగానే అడిగాడు. రూల్సు పుస్తకం వీరాంజనేయులు కాళ్ళ దగ్గర సంచిలోనే ఉంది. వంగి తీస్తే చాలు. ఇంతమంది ముందు పుస్తకం తిరగేస్తే మాస్టారికి తెలియదనుకుంటారేమో అనిపించింది. ముప్పై ఏళ్ళ చేతి అలవాటు నోట్లోంచి వచ్చేసింది.

"అట్ట తీసేస్తే పోగు లేవదు అబ్బాయ్. తెచ్చే మనిషే లేనప్పుడు ఏనుగుని ఎవరు తెస్తారు?"

హాలంతా చప్పట్లు కొట్టారు. హయాత్ కార్డుల వైపు కాసేపు చూశాడు. మీరన్నారంటే అంతేనండి అని, రాముకు చెయ్యిచ్చి లేచాడు.

ఆ సాయంత్రం రైల్లో చీరాల దిగుతుండగా ఆ పదిహేడు సెకన్ల మాట వచ్చింది. విన్నాడు. ఓడిపోయిన ఉక్రోషంతో కెలుకుతున్నాడనుకున్నాడు. చెప్పొద్దూ, ఒళ్ళు మండింది. నలుగురిలో చెప్పిన తీర్పును మళ్ళీ విడిగా అడగడమేమిటని ఫోను జేబులో పడేశాడు. మర్నాడు మంగళగిరి అంచు పని ఒకటి వచ్చింది. ఆ తర్వాతి రోజు ఇంకేదో. విన్నట్టు నీలం టిక్కులు అవతలివాడికి కనిపిస్తూనే ఉన్నాయి.

పన్నెండో రోజున గ్రూపులో ఎవరో పెట్టారు, హయాత్ లేడని. జ్వరమట, ప్లేట్‌లెట్లు పడిపోయాయట, గుంటూరు తీసుకెళ్ళినా లాభం లేకపోయిందట. వీరాంజనేయులు ఆటగాళ్ళతో కలిసి వేటపాలెం వెళ్ళి జనాజా వెనక నడిచాడు. మట్టి వేసి తిరిగొచ్చి, షాపులో కూర్చుని, ఇప్పుడైనా ఆ అబ్బాయి అడిగిన 'ఎందుకు'కి సరైన కారణం వెతుకుదామని పుస్తకం తీశాడు. అరవై ఒకటో పేజీలో దొరికింది. ఒకసారి పిలిచిన శక్తి, పిలిచిన కార్డు మీద ఆధారపడదు. ఆ కార్డు తర్వాత పక్కకెళ్ళినా శక్తి తన పని తాను చేస్తుంది. ఏనుగు వస్తుంది. హయాత్ గెలిచాడు. ఆ వాక్యం పక్కనే అంచులో పెన్సిలుతో దాని తెలుగు రాసి ఉంది, మూడేళ్ళ కిందటి తన చేతిరాతే.

అప్పటి నుంచి ఆ షాపులో వీరాంజనేయులు ఒంటరిగా లేడు. అట్టకు చిల్లులు లెక్కపెడుతుంటే పదకొండు, పన్నెండు దగ్గర ఎవరో 'ఎందుకండీ' అన్నట్టయ్యేది. లెక్క తప్పేది. గ్రూపులో కొత్త ప్రశ్న ఎవరు పెట్టినా ఆ నెమ్మదైన గొంతులోనే వినిపించేది. ఎదురుగా ఉన్న స్టూలు మీద ఎవరైనా కూర్చోబోతే తెలియకుండానే చెయ్యి అడ్డం పెట్టి, అక్కడ కాదు, ఇటు కూర్చోండి అనేవాడు. మధ్యాహ్నాలు తలుపు దగ్గరగా వేసి, ఫైనల్లో పడిన ముసలమ్మ, ఏనుగు, గంట, నిప్పు, గోడ కార్డులు బల్ల మీద పరిచి, రెండు వైపులా తనే ఆడేవాడు. ఎన్నిసార్లు ఆడినా ఏనుగు వచ్చేది, గంట మోగేది, గోడ కూలేది. కూలిన ప్రతిసారీ ఎదుటి స్టూలు వైపు చూడటానికి ధైర్యం చాలేది కాదు.

తప్పు ఒప్పుకుంటే పోయేది కదా అనొచ్చు. మనకు సులభమే. డిసెంబరులో ఉదయశ్రీ అనే అమ్మాయి గ్రూపులో సరిగ్గా అదే ప్రశ్న అడిగింది. పర్చూరు దగ్గర మిరప వేసే రైతుల ఇంటి పిల్ల, డిగ్రీ చదువుతూ ఆడుతుంది. ముసలమ్మని పిలిచాక కాల్చేస్తే ఏనుగు వస్తుందా మాస్టారూ అని. వీరాంజనేయులు 'వస్తుంది' అని కొట్టాడు. ఆ వెంటనే, మరి ఒంగోలులో రాదన్నారు కదా అని మూడొందల మంది అడగడం, చచ్చినవాడి ఆట లాక్కున్నావా అని ఎవరో ఒకరు అనడం కళ్ళకు కట్టింది. అక్షరాలు చెరిపి, 'రాదు' అని పంపాడు. ఒంగోలులో అహంకారంతో చెప్పాడు, పోనీ అనుకుందాం. ఈసారి తెలిసి తెలిసి చెప్పాడు. ఆ పూట అన్నం సహించక లేచిపోయాడు.

వేటపాలెం వెళ్ళి హయాత్ భార్య షమీమ్‌కైనా చెప్పాలని ఉండేది. దానికి ఒక సాకు దొరికింది. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు ఆమె ఇద్దత్‌లో ఉంటుంది, ఇల్లు కదలదు, పరాయి మగవాళ్ళ ఎదుట పడదు. పద్ధతిని మనం కాదనకూడదు కదా అని తనకు తాను చెప్పుకునేవాడు. పైకి మర్యాద, లోపల పిరికితనం. ఎలాంటి గడువైనా తీరిపోతుంది. ఫిబ్రవరి రెండో వారంలో అదీ తీరింది. వీరాంజనేయులు ఇంకో వారం కదల్లేదు.

ఆ వారంలోనే ఉదయశ్రీ వాయిస్ పెట్టింది. కల్లంలో కాయలు ఎండబోసి వస్తూ మాట్లాడినట్టుంది, మధ్యలో ఒకటే దగ్గు. గుంటూరు పోటీకి వెళ్ళిందట. ఎదుటివాడి ముసలమ్మను తను కాల్చేసిందట. అయినా ఏనుగు వస్తుందని అక్కడి తీర్పరి చెప్పాడట.

"వాళ్ళకి రూల్సే తెలీవు మాస్టారూ. మా మాస్టారు రాదన్నారు, ఆయన తప్పు చెప్పరు అని అందరి ముందూ గట్టిగా చెప్పేసి, ఆట మధ్యలో లేచి వచ్చేశాను."

వీరాంజనేయులు ఫోను బల్ల మీద బోర్లించి, చేతుల్లో తల పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి నమ్మకం వాత పెట్టినట్టు తగిలింది. అన్నం క్యారియరు తెచ్చిన పున్నమ్మ అలాగే చూసింది. నాలుగు నెలలుగా చూస్తూనే ఉంది. ఏమిటని అడిగితే ఈసారి దాచలేదు, మొదటి నుంచి అంతా చెప్పాడు. ఆవిడకు ముసలమ్మా తెలియదు, ఏనుగూ తెలియదు. ఎదుటి స్టూలు వైపు చూపించింది.

"ఆ అబ్బాయి అక్కడే కూర్చుని ఉన్నాడండీ. మీరు చెప్పేదాకా లేవడు. భోంచేసి వేటపాలెం వెళ్ళిరండి."

భోంచెయ్యకుండానే ఆటో ఎక్కాడు. వేటపాలెంలో దిగేసరికి జీడిగింజలు కాలుస్తున్న ఘాటు గొంతుకు పట్టింది. ఇల్లు అడుక్కుంటూ వెళ్ళాడు. హయాత్ తల్లి చాప పరిచి, కోడలికి చెబుతానని లోపలికెళ్ళింది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఆ చాప మీద కూర్చోగానే ఎగిరిపోయాయి. షమీమ్ వచ్చి గుమ్మం పక్కన ఒదిగి కూర్చుంది. వారం నుంచి మళ్ళీ గింజలు కొట్టే పనికి వెళ్తోందేమో, జీడి అంటి వేళ్ళు నల్లగా ఉన్నాయి. నోరు తెరవబోతుంటే ఆమే ముందు మాట్లాడింది, తనే చీరాల వచ్చి కలుద్దామనుకుంటున్నానని, ఒక మాట అడగాలని.

"రోజూ అడిగేవారండీ, మాస్టారు ఏమన్నా పెట్టారా చూడు అని. లేదనే చెప్పేదాన్ని. గుంటూరు తీసుకెళ్ళిన రోజు జొరం మీద ఒకటే గొణుగుడు. మాస్టారు తప్పు చెప్పరు షమీమ్, మరి నేనెక్కడ పొరబడ్డాను, ఎంత ఆలోచించినా తేలట్లేదు అని. చూడలేకపోయాను. మాస్టారు పెట్టారు, మీరన్నదే రైటంట అని ఆయనకు చెప్పేశాను."

వీరాంజనేయులు తలెత్తి ఆమె వైపు చూశాడు.

"నవ్వారు. ఎందుకంట అని అడిగారు. నాకేం తెలుసు ఆట? రేపు చెబుతారంటలే, పడుకోండి అన్నాను. మర్నాడు ఇంక మాట్లాడలేదు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "పోయే మనిషికి అబద్ధం చెప్పి పంపానండీ. నమాజుకు కూర్చున్నా అదే గుర్తొస్తోంది. గడువులో ఎవర్ని అడగను? మీరు ఏమనుకున్నా సరే, ఉన్నదున్నట్టు చెప్పండి. నేను చెప్పింది అబద్ధమేనా?"

నాలుగు నెలలుగా తన ఒక్కడి నెత్తిన ఉందనుకున్న బరువు ఈ పిల్ల కూడా మోస్తోందని అప్పుడు తెలిసింది వీరాంజనేయులుకు. ఒక్క మాటతో దించగలిగీ దించలేదు. తన మీద తనకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. ఏడుస్తూనే చెప్పాడు.

"అబద్ధం కాదమ్మా. నువ్వు చెప్పిందే నిజం. హయాతే రైటు. ఒంగోలులో తప్పు చెప్పింది నేను. తెలిశాక కూడా దాచిపెట్టింది నేను."

షమీమ్ తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె లేచి లోపలికెళ్ళి, ప్లాస్టిక్ డబ్బాలో ఉన్న హయాత్ కార్డుల కట్ట తెచ్చి చాప మీద పెట్టింది. ఎందుకని అడిగారు కదా, రేపు చెబుతానని నేను మాటిచ్చాను, నాకు అర్థమయ్యేలా చెప్పండి అంది.

వీరాంజనేయులు కట్టలోంచి ముసలమ్మను, ఏనుగును, గంటను ఏరి తీశాడు. రాము వేసిన నిప్పు కార్డు అందులో లేదు, దాని బదులు తన కళ్ళజోడు పెట్టాడు. ఏది ముందు, ఏది వెనక, పిలవడం అంటే ఏమిటి, పిలిచాక ముసలమ్మ ఉన్నా లేకపోయినా తేడా ఎందుకు లేదు, ఒక్కొక్కటే చూపించాడు. ఆమె మధ్యలో రెండుసార్లు ఆపి అడిగింది, అచ్చం అతనిలాగే. అర్థమైందని తలూపాక వీరాంజనేయులు ఫోను తీసి, ఆమె చూస్తుండగానే గ్రూపులో రాశాడు. ఒంగోలు ఫైనల్లో నా తీర్పు తప్పు. ఏనుగు వస్తుంది, గెలిచింది హయాత్. ఉదయశ్రీకి తెలిసే తప్పు చెప్పాను. గుంటూరు వాళ్ళు చెప్పింది సరైనది. పంపి, వరసగా మోగుతున్న ఫోనును చూడకుండా పక్కన పెట్టాడు.

షమీమ్ లోపలి గది వైపు తిరిగింది. గట్టిగా పిలిచింది.

"అత్తా, ఇట్టా రా. అబద్ధం కాదంట."

ముసలావిడ వచ్చి, గోడ పట్టుకుని నెమ్మదిగా చాప మీద కూర్చుంది. కార్డులను ఒక్కొక్కటీ ముట్టుకుని చూసింది.

"మావాడు ఎందుకని అడిగాడంట గదా నాయనా. నాకూ చెప్పు."

వీరాంజనేయులు ఏనుగును తీసి మళ్ళీ పక్కన పెట్టి, ముసలమ్మను పిలవడం దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.